నర్సమ్మకు చెప్పొద్దు

కీడెంచి మేలెంచాలంటారు పెద్దలు. లక్ష్మీనర్సమ్మ కీడెంచే దగ్గరే ఆగిపోయిన మనిషి. మేలు దాకా ఆమె ఎప్పుడూ పోలేదు. మబ్బు పడితే పిడుగు పడుతుందని, మేక తుమ్మితే మంద పోతుందని, హైవే మీద అంబులెన్సు కూత పెడితే అందులో ఉన్నది తన కొడుకేనని అనుకునేది. కొడుకు ఎల్లేష్ చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తాడు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. అందుకని నర్సమ్మ గేటు దగ్గరి సెక్యూరిటీ జానీ నంబరు సంపాదించుకుంది. కంపెనీ పొగగొట్టంలోంచి నల్లపొగ కనిపిస్తే చాలు, జానీకి ఫోను.

"అమ్మా, నీ కొడుకు సల్లగున్నడు," అనేవాడు జానీ. "నువ్వు జర ఫోన్ పెడితె నేను గూడ సల్లగుంట."

ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వనీ అనుకునేది నర్సమ్మ. ఎల్లేష్‌కు ముందు పుట్టిన పిల్ల పురిటి మంచం మీదే జ్వరమొచ్చి పోయింది. నవ్వేవాళ్లకు ఆ సంగతి గుర్తుండదు, ఆమెకు ఉంటుంది.

ఆ ఏడు వినాయకుడి పండుగ నాటికి వానలు విరగబడి కురిశాయి. గచ్చు తొట్లలో, పారేసిన టైర్లలో నీళ్లు నిలిచి, పట్టపగలే దోమలు కాళ్లు పట్టుకుని వదలలేదు. ఇంటికొకరు జ్వరంతో పడ్డారు. డెంగీ అన్నారు. డెంగీకి మేకపాలు మంచివని ఎవరో పుకారు లేపారు. నర్సమ్మ మొగుడు గుర్వయ్యకు మేకలూ గొర్లూ కలిపి పెద్ద మందే ఉంది. తెల్లారకముందే వాకిట్లో మోటరుసైకిళ్లు ఆగేవి. పట్నం నుంచి కూడా వచ్చి గిన్నె పట్టుకుని నిలబడేవాళ్లు. అందరికీ పోసి పంపేది నర్సమ్మ. ఊరి రోగమంతా మన పాలతోనే పోతోందని గుర్వయ్య మీసం దువ్వుతుంటే, ఆమె మాత్రం కొడుకు ముఖం వంక చూసేది. ఇంటింటికీ తిరుగుతున్నది మన గడపను మాత్రం ఎందుకు వదులుతుంది?

వదల్లేదు. ఎల్లేష్ డ్యూటీ నుంచి వణుకుతూ వచ్చి పడుకున్నాడు. ఊరి ఆరెంపీ డాక్టరు వీరేశం వచ్చి చూసి, జ్వరానికి తెల్ల గోలీలు, ఒళ్లునొప్పులకు పచ్చ గోలీలు ఇచ్చాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేయమన్నాడు. నర్సమ్మ అయిదో తరగతి చదివింది. తెలుగు పేపరు కూడబలుక్కుని చదవగలదు కానీ, గోలీల అట్టల మీద రాసేదంతా ఇంగ్లీషు. వాటిని రంగులతో గుర్తుపెట్టుకుంటుంది. నుదురు కాలితే తెల్లది, మూలిగితే పచ్చది. కాలడమూ మూలగడమూ ఆగలేదు, ఆమె చెయ్యీ ఆగలేదు. పైగా కిరాణం కొట్టు నుంచి ఇంకో రంగు గోలీలు తెచ్చి అవీ వేసింది. మూడు రంగుల్లోనూ ఉన్నది ఒకే మందని ఆమెకు ఎవరు చెప్పాలి?

చెప్పవలసిన మనిషి ఇంట్లోనే ఉంది. కోడలు కోమల. ఇంటర్ దాకా చదువుకున్న పిల్ల.

"అత్తమ్మ, గన్ని గోలీలెందుకు?" అని ఒకసారి అంది.

"నీకేం తెలుసు, జరం నెత్తికెక్కితె మనిషి దక్కడు," అని నర్సమ్మ కసిరితే తలవంచుకుని వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత గోలీల కవరు ఊరికే తరిగిపోతూ వచ్చింది. ఎలుకలు ఎత్తుకుపోతున్నాయనుకుంది నర్సమ్మ. మళ్లీ తెచ్చింది. ఈసారి చీర కొంగున కట్టుకుంది.

కొడుకు మంచం పక్కనే చాప వేసుకుంది. కోడల్ని ఆ గదిలోకి సరిగా రానివ్వలేదు. తను చూసుకున్నట్టు ఇంకొకరు చూడరని ఆమె నమ్మకం. కోమల గడప అవతల నిలబడి ఏదో అడగబోయి, అత్త ముఖం చూసి వెనక్కి తగ్గేది. ఎల్లేష్ కూడా, "అమ్మ, నువ్వు జర అటు పోయి పండుకో," అని బతిమాలాడు. నర్సమ్మ కదల్లేదు.

జ్వరం దిగింది. నుదురు చల్లబడింది. గండం గడిచిందని నర్సమ్మ ఎల్లమ్మతల్లికి దండం పెట్టుకుంది. కానీ ఆ పొద్దే ఎల్లేష్ తాగిన గంజి తాగినట్టే కక్కాడు. కడుపు కుడిపక్క పట్టుకుని మెలికలు తిరిగాడు. నర్సమ్మ దగ్గరకు పోయి, మేకకు రోగం చూసినట్టు, బొటనవేలితో అతని కింది రెప్ప లాగి చూసింది. పచ్చగా ఉంది. పసుపు పూసినట్టుంది.

కామెర్లకు పక్క ఊళ్లో ఒకాయన పసరు పోస్తాడు. ఆటో మాట్లాడు, పరగడుపున్నే పోదామని మొగుడి మీద కేక వేసింది. అప్పుడు కోమల గది మధ్యకు వచ్చి నిలబడింది. కోడలై వచ్చిన నాటి నుంచీ ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"పసరు వద్దు, ఏం వద్దు. నల్లగొండ పెద్ద దవాఖానకు పోదాం. ఇప్పుడే పోదాం."

గుర్వయ్య మారుమాట్లాడకుండా ఫోను తీశాడు. పసరంటే చెవి కోసుకునే మనిషి ఇంత త్వరగా ఎలా ఒప్పుకున్నాడా అని నర్సమ్మకు క్షణం సేపు వింతగా అనిపించింది. కానీ కొడుకు వాంతి చేసుకుంటుంటే వింతలు తలచుకునే తీరిక ఎక్కడిది?

దవాఖానలో ఎల్లేష్‌కు సెలైను పెట్టి రక్తం తీశారు. సాయంత్రానికి వార్డు డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నదే, కానీ కళ్లద్దాల్లోంచి చూసే చూపు పెద్దది. డెంగీ ఉందని, ప్లేట్లెట్లు పడిపోయాయని, అంతకంటే భయం లివరుదని చెప్పింది. డెంగీకి లివరు కొంచెం వాయడం మామూలే కానీ ఇంతగా వాయదంది. ఏమేం మందులు వేశారని అడిగితే నర్సమ్మ కొంగుముడి విప్పి గోలీల అట్టలు చూపించింది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, తల అడ్డంగా ఆడించింది. మూడూ ఒకటే మందనీ, కొద్దిగా వేస్తే జ్వరానికి పనిచేస్తుందనీ, ఇన్నిన్ని వేస్తే లివరును కాలుస్తుందనీ చెప్పింది. విప్పిన కొంగును నర్సమ్మ మళ్లీ ముడి వేయలేదు.

ఆ తర్వాత డాక్టరమ్మ అడిగిన మాట ఆమెకు మొదట అర్థం కాలేదు.

"రక్తంల హెపటైటిస్ బి వచ్చింది. ఇది కొత్తది కాదు, పాతదే. ముందే తెలుసా మీకు?"

తెలియదని చెప్పడానికి నర్సమ్మ నోరు తెరిచింది. పక్కనుంచి కోమల అంది.

"తెలుసు మేడం. రెండేండ్లాయె. హైదరాబాద్‌ల చూపిస్తున్నం. రోజుకొక గోలీ ఏసుకుంటడు. జరం వచ్చిన కాణ్నుంచి ఏసుకోలే."

"ఎందుకేసుకోలే?"

కోమల అత్త వంక చూసింది. మంచం మీద ఎల్లేష్ కళ్లు మూసుకున్నాడు. గుర్వయ్య కిటికీలోంచి బయటికి, దవాఖాన గోడ మీద ఆరేసిన దుప్పట్లను చూస్తున్నాడు. ఆ ముగ్గురి ముఖాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది నర్సమ్మ. ముగ్గురికీ తెలుసు. తను చాప వేసుకుని కూర్చున్న గదిలో, తన కళ్ల ముందు వేసుకోలేక, ఎల్లేష్ ఆ గోలీ మానేశాడు.

డాక్టరమ్మ మంచిది. తిట్టలేదు. ఆ గోలీ కొన్నాళ్లు ఆగడం ఒక్కటే కారణమని చెప్పలేననీ, డెంగీ, పాత రోగం, జ్వరం గోలీలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయనీ వివరించింది. దోమ తెచ్చింది ఒకటి, లోపల ఎప్పటి నుంచో కూర్చున్నది ఇంకొకటి. రెండూ పోయి ఒకే లివరు మీద పడ్డాయి. ఈ రెండు మూడు రోజులూ గడిస్తే చెప్పగలనంది.

ఆమె అటు పోగానే నర్సమ్మ కోడలి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది.

"గోలీలు ఎత్తుకపోయింది ఎలుకలు గాదు, నువ్వు."

"నేనే అత్తమ్మ. పెంట మీద పారేసిన."

"పారేసుడెందుకు? కార్జం కరాబున్నదత్తమ్మా, ఎయ్యకు అంటె నా చెయ్యి ఆగకపోవునా?"

కోమల ఏడ్చింది. చెప్పనివ్వలేదంది. ఎల్లేష్ ఒట్టు పెట్టించుకున్నాడు, మామ గట్టిగా హెచ్చరించాడు, నర్సమ్మకు మాత్రం చెప్పొద్దు, చెబితే గుండాగి చస్తుంది అన్నారు. రెండేళ్ల కింద కంపెనీలో రక్తదానం చేస్తే, నీ రక్తం పనికి రాదని చెప్పి పంపారట. అప్పుడు బయటపడింది. ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ దాని చుట్టూ నడిచారు, గొర్రెపిల్ల పడిన బాయి చుట్టూ మంద నడిచినట్టు. నర్సమ్మ ఒక్కతే ఆ బాయి ఉందని తెలియకుండా అటూ ఇటూ తిరిగింది.

ఇప్పుడు ఒక్కొక్క సంగతే జ్ఞాపకం వచ్చింది. మందతో తిరిగొచ్చిన వాళ్ల కాళ్లలో ముళ్లు తీసేది నర్సమ్మే. దానికి ఆమె దగ్గర ఒక పిన్నీసు ఉంటుంది. ఓసారి ఎల్లేష్ కాలి ముల్లు తీసి, అదే పిన్నీసుతో తన మడమలో ముల్లు గుచ్చి తీసుకోబోతే కోమల వచ్చి లాక్కుంది. బయటి నుంచి వచ్చిన పిల్ల, పిన్నీసు కూడా ముట్టుకోనివ్వడం లేదని నర్సమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా. అప్పుడైనా.

గుర్వయ్య వచ్చి పక్కన కూర్చుని, నీ మంచికే దాచామని మొదలుపెట్టాడు. నీ సంగతి నీకు తెలియదా, పొగ కనిపిస్తేనే ప్రాణం వదిలేదానివి, ఇది తెలిస్తే బతుకుతావా అన్నాడు. నర్సమ్మకు ఆ మాటలో కొంత నిజం కనిపించింది. నిజమే, తను పిరికిది. ఊరంతా నవ్వేది అందుకే. ఆ నిజాన్ని పట్టుకుని కాసేపు ఊరుకోవాలని చూసింది. కోపాన్ని పక్కకు పెట్టి, ముందు కొడుకు దక్కితే చాలనుకుంది. కానీ కొడుకు పక్కన కూర్చుని సెలైను చుక్కలు చూస్తుంటే మాత్రం తన చేతుల వైపు చూసుకోలేకపోయింది. ఆ చేతులతోనే కదా వేసింది. వేస్తుంటే ముగ్గురూ చూస్తూ ఊరుకున్నారు కదా.

ఎల్లేష్ గండం ఒక్కసారిగా గడవలేదు. ఒకరోజు మగతగా పడుకుని పిలిస్తే పలకలేదు. మరో పొద్దు చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఆ తర్వాత మెల్లగా, ఎండిన చెరువులోకి వరద వచ్చినట్టు కాదు, ఊటబావిలో నీళ్లు ఊరినట్టు, ప్లేట్లెట్లు పెరిగాయి. లివరు లెక్క దిగడం మొదలైంది. పాత గోలీ మళ్లీ వేయించారు. ఎల్లేష్ ఇడ్లీ అడిగి తిన్నాడు. కక్కలేదు. నర్సమ్మ వరండా చివరకు పోయి, ఎవరూ చూడకుండా గోడకు నుదురు ఆనించి ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ మంచం దగ్గర ఉంది. ఇక ప్రాణభయం లేదని చెప్పింది. ఈ రోగం తిండితోనో, తాకితేనో రాదనీ, రక్తం నుంచి వస్తుందనీ, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకున్నారా అనీ అడిగింది. కోమల తనకు పరీక్ష బాగానే వచ్చిందనీ, అది రాకుండా వేసే సూదులు మూడూ పడ్డాయనీ చెప్పింది. డాక్టరమ్మ గుర్వయ్య వైపు తిరిగింది. ఆయన నసిగాడు.

"నాకు గూడ ఏసిన్రు మేడం."

నర్సమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఎప్పుడు? మేకల సంతకని చెప్పి, ఒక్క మేకనైనా తోలుకుపోకుండా చౌటుప్పల్ పోయి వచ్చిన రోజు గుర్తొచ్చింది. భుజం నొప్పి అని ఆముదం రాయించుకున్న రాత్రి గుర్తొచ్చింది. రాసింది తనే.

"మరి మీకు?" అంది డాక్టరమ్మ, నర్సమ్మతో.

కోమల, గుర్వయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా, వెంటనే రక్తం తీయించమని నర్సుకు చెప్పింది.

మర్నాడు ఫలితం చెప్పడానికి పిలిస్తే గుర్వయ్య ముందుగా లేచాడు. నువ్వు కూర్చో, నేను కనుక్కుని వస్తానన్నాడు. నర్సమ్మ ఆయన కండువా పట్టుకుని బెంచీ మీదకు లాగి కూర్చోబెట్టి, తనే గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది.

డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. మీకూ ఉంది. చాలా ఏళ్ల నుంచి ఉండి ఉంటుంది. ఇలాంటివి ఎక్కువగా కాన్పప్పుడు తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. అప్పట్లో పల్లెల్లో పుట్టిన బిడ్డకు పుట్టగానే వేసే సూది ఉండేది కాదు. అది మీ తప్పు కాదు. కానీ మీ లివరు ఎట్లా ఉందో స్కానింగ్ చేసి చూడాలి. ఇంతసేపు చెప్పి, కాస్త ఆగి అడిగింది.

"మిమ్మల్ని తోలుకొచ్చి పరీక్ష చేయించుమని హైదరాబాద్ డాక్టర్ రెండేండ్ల కిందనే చెప్పిండట. మీ అబ్బాయే చెప్పిండు నాకు. ఎందుకు రాలే?"

 ఇన్నాళ్లూ నర్సమ్మ ఎన్నో కీడులు ఎంచింది. పిడుగు, పాము, లారీ, కంపెనీలో మంట. ఇంట్లో వాళ్లు తన రక్తంలోని సంగతి తనకు చెప్పకుండా సూదులు వేయించుకుని వస్తారని మాత్రం ఆమె ఎంచలేదు. ఎక్కడో ఏదో జరుగుతుందని వీధి వైపే చూస్తూ కూర్చుంది. వీపు వెనకే జరిగింది.

బయటికి వచ్చింది. గుర్వయ్య లేచి నిలబడ్డాడు.

"మందల ఒక్క మేకకు పారుడు రోగమొస్తె ఏం జేస్తవయ్యా నువ్వు?"

ఆయన తెల్లబోయి చూశాడు.

"చెప్పు. ఏం జేస్తవు?"

"మందకంత సూది ఏపిస్త."

"ముసలి మేకను ఇడుస్తవా? కుంటి మేకను ఇడుస్తవా? ఒక్కటి తప్పిపోతె చెలకలన్ని తిరిగి దేవులాడి పట్టుకొచ్చి మరి ఏపిస్తివి గద. నన్నెట్ల ఇడిస్తివి?"

వరండాలో జనం తిరిగి చూస్తున్నారు. గుర్వయ్య ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె పక్కకు జరిగింది. ఆయన, నీకు చెబుదామనే అనుకున్నాననీ, పండుగ పోనీ, మేకల ఈతలు పోనీ, గొర్లు అమ్ముడుపోనీ అనుకుంటూ ఉంటే రోజులు గడిచిపోయాయనీ ఏదేదో చెప్పాడు. ఆమె వినకుండా వార్డులోకి పోయింది.

ఎల్లేష్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. తల్లి ముఖం చూడగానే అతనికి అర్థమైంది. కళ్లలోని పచ్చదనం ఇంకా పోలేదు. ఆ కళ్లతోనే నీళ్లు పెట్టుకున్నాడు.

"నీ నుంచి వచ్చిందని తెలిస్తె నువ్వు బతకవనుకున్ననమ్మ. నా వల్లనే గిట్లాయెనని ఏడ్సి ఏడ్సి సస్తవనుకున్న. భయపడతవని చెప్పలే."

నర్సమ్మ మంచం అంచున కూర్చుంది. కొడుకు తల నిమరాలని చెయ్యి దానంతట అదే లేచింది. దాన్ని మళ్లీ ఒళ్లోకి తెచ్చుకుంది.

"భయపడుదును బిడ్డా. ఎందుకు భయపడకపోదును? ఏడుద్దును. ఊరంత లేపుదును. భయపడుకుంటనన్న దవాఖానకు వద్దును గద. నా భయం నాకుంచకపోతిరి. మీ అందరికి సూదులు పొడిపిచ్చుకోని, నాకేమొ మంచిమాటలు చెప్తిరి."

ఎల్లేష్ తప్పయిందమ్మా అన్నాడు. ఆమె తలూపింది. తప్పయిందని తనకూ తెలుసు, అందులో కొత్త సంగతి ఏముంది అన్నట్టు ఊపింది. కోమల పళ్లెంలో ఇడ్లీ పెట్టి అత్త ముందుకు చాపింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, తిను అత్తమ్మా అంది. నర్సమ్మ పళ్లెం తీసుకుని కొడుకు ఒళ్లో పెట్టింది. తను తినలేదు.

నర్సు వచ్చి లక్ష్మీనర్సమ్మ ఎవరని పిలిచింది. కడుపు స్కానింగ్‌కు పోవాలి, కింది అంతస్తులో, అవతలి బిల్డింగ్‌లో అంది. గుర్వయ్య గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"పా, నేనొస్త. నీకు దారి తెల్వదు. అండ్ల మిషిన్లు గిషిన్లు ఉంటయి, బుగులు వడతవు."

"బుగులు వడత," అంది నర్సమ్మ. "నువ్వు ఈడనే కూసో."

ఆయన కూర్చోలేదు, కదలనూ లేదు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని మెట్లు దిగింది. కింద నీళ్ల కుండ దగ్గర నిలబడ్డ ఒక ముసలామెను స్కానింగ్ ఎక్కడని అడిగింది. ఆమె తనకూ తెలియదంది. నర్సమ్మ ఇంకొకరిని అడగడానికి ముందుకు పోయింది.